ఓడెక్కిన ఉప్పు పాట

మా ఆయన పాడతాడని తెలిసి చేసుకున్నదాన్ని కాదు నేను. ఉప్పు అమ్ముతాడని తెలిసి చేసుకున్నాను. అరకు సంత పక్క ఇంటికి కాపురానికి వచ్చిన మూడో రోజు సాయంత్రం ఉప్పు బస్తాల వెనకనుంచి జముకు తీశాడు. అడుగున తోలు బిగించిన చిన్న కుండలాంటిది అది. చంకలో పెట్టుకుని లోపలి నరం మీటితే జుమ్ము జుమ్మంటుంది. అది మీటుతూ అమ్మవారి కథ ఎత్తుకున్నాడు. సగం కాకముందే నాకు కునుకు పట్టింది. ఆ తరవాత పదకొండేళ్ళూ అదే వరస. ఆయన ఎత్తుకోవడం, గంజి పొంగుతోందనో ఆవు కట్టు తెంపుకుందనో నేను మధ్యలో లేవడం. ఒక్కనాడూ నన్ను కూర్చోమని అడగలేదు. వరహాలరావు అన్న పేరుకి తగ్గట్టు మాటలు కూడా వరహాల్లాగే పొదుపుగా వాడే మనిషి.

విశాఖపట్నంలో కొత్త రేవు తవ్వుతున్న రోజులవి. రేవు ఇంకా పూర్తికాలేదు కనక రంగూను వెళ్ళే స్టీమరు దూరాన సముద్రంలోనే నిలబడేది. ఆ ఏడు ఫాల్గుణం వెళ్ళిపోతుండగా భీమిలి నుంచి జగన్నాథరావు అనే మేస్త్రీ గొడుగు వేసుకుని ఘాటీ ఎక్కి వచ్చాడు. మనుషుల్ని పోగుచేసి రంగూను మిల్లులకి పంపడం ఆయన పని. కొండవాళ్ళు మేస్త్రీల మాట నమ్మరు. ఉప్పు సావుకారని పిలిచే మా ఆయన మాట నమ్ముతారు, కుంచం నిండి పైన తలకట్టేలా పోస్తాడు కాబట్టి. ఆ సంగతి కనిపెట్టి మేస్త్రీ మా అరుగు మీదే మకాం పెట్టాడు.

ముందు రాతపని ఇప్పిస్తానన్నాడు. మా ఆయన వక్క కొరుక్కుంటూ విన్నాడు, అంతే. మంచి ఇల్లు ఇప్పిస్తానన్నాడు. ఆయన ఇంకో వక్క నోట్లో వేసుకున్నాడు. అప్పుడు మేస్త్రీ కళ్ళు గోడకి వేలాడుతున్న జముకు మీద పడ్డాయి. కొంగకి చేప కనపడినట్టే.

"ఓడ మీద వెయ్యి మంది ఉంటారు బావా," అన్నాడు. "మూడు పగళ్ళు, మూడు రాత్రులు పనీ పాటా ఉండదు. పాటగాడంటే సుట్టూ మూగీసి వదలరు. మద్దిలో లేసి ఎలిపోదారంటే సముద్రమే."

మా ఆయన వక్క కొరకడం మానేశాడు. నేను లోపల చింతపండు పిక్క తీస్తున్నాను. మధ్యలో లేవలేని జనం అన్న మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

 మర్నాడు ఆయన గూడేలకి ఉప్పు మోసుకుని బయల్దేరుతూ, స్టీమరు ఇంకో మూడు వారాల్లో ఉందిట, ఒకసారి చూసొస్తానని అన్నాడు. రంగూను చూసి రావడం పక్క ఊరి తీర్థం చూసి రావడం కాదని నాకు తెలుసు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టు వస్తే మేస్త్రీలకి ప్రతి ఏడూ కొత్త మనుషులెందుకు? నాకు గుండెల్లో రాయి పడింది. కానీ నాకు ఏడవడం రాదు, దెబ్బలాడటమే వచ్చు. అందుకని వేరే దారి పట్టాను. మేస్త్రీ చెప్పేది మేస్త్రీ సరుకు. ఉప్పు కొనేవాడు కూడా ఓ పలుకు నాలిక మీద వేసుకుని చూసి కొంటాడు. ఆ ఓడ ఎక్కి దిగినవాళ్ళు సంతకి వస్తూనే ఉంటారు కదా, వాళ్ళనే అడుగుదామనుకున్నాను. అదీ లోపల ఉన్న ఆయనకి వినపడేట్టు.

మొదట దొరికినవాడు బుధు. ఎదురుకొండ గూడెం వాడు, రెండేళ్ళు రంగూనులో బస్తాలు మోసి ఎర్ర కోటు ఒకటి సంపాదించి వచ్చాడు. ఎండలో కూడా విప్పడు.

"ఓడెక్కడం ఎలాగుంటాదిరా?" అన్నాను.

అలలు దాటేదాకా పడవలో తీసుకెళ్తారట. ఓడ దగ్గరికి వచ్చాక పడవ ఎగిరెగిరి పడుతుంటే, నిచ్చెన అందని వాళ్ళని పెద్ద బుట్టలో కూర్చోబెట్టి తాళ్ళతో పైకి లాగుతారట. కాళ్ళ కింద నేల లేదు, తలమీద కొమ్మ లేదు, తనకి మాత్రం నవ్వొచ్చిందని చెప్పాడు. ఓడ మీద కొండవాళ్ళు పన్నెండు మంది కలిస్తే థింసా ఆట కట్టారట. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి వరస కడితే ఆట అయ్యేదాకా విడవకూడదు కదా. ఓడ ఒక పక్కకి ఒరిగేసరికి వరస వరసంతా జారి కటకటాల దగ్గరికి పోయింది. మళ్ళీ ఒరిగితే మళ్ళీ ఇటు వచ్చింది. పై అంతస్తులోంచి దొరసాని చూసి కమలాపళ్ళు విసిరిందిట.

"పని బాగోదు, అన్నం బాగోదు," అన్నాడు బుధు. "ఓడ మీద ఆట కోసం మళ్ళా ఎల్తాను."

"ఉప్పులేని గంజిరా నీ బుద్ధి," అని తిట్టి ఉప్పు కొలిచి, కొసరు ఒక చారెడు పోశాను. లోపలినుంచి మా ఆయన నవ్వు వినపడింది. నేను తిట్టినప్పుడల్లా ఆయన అలా నవ్వుతాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

తరవాతి సంతలో సోంబరు వచ్చాడు. అదే గూడెం వాడే, అదే ఓడ. నెలరోజులకే జబ్బుచేసి వెనక్కి వచ్చేశాడు. ఇసకలో వరసగా నిలబెట్టి గొర్రెల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారని, చెయ్యి గీకి టీకా వేశారని, ఆ మచ్చ చూపించాడు. బుట్టలోకి ఎక్కనంటే కాళ్ళూ చేతులూ పట్టుకుని వేశారట. మరి ఓడ మీద ఆటలూ పాటలూ అన్నాను. ఇంజను చప్పుడు తప్ప తనకేమీ వినపడలేదన్నాడు. సముద్రం ఎలా ఉంటుందని అడిగితే, దానికి వీపు పెట్టి కూర్చున్నానని చెప్పాడు. ఇతనికీ ఓ చారెడు కొసరు పోశాను. విన్నారేటండీ అని లోపలికి కేకేస్తే, పాటగాడు లేకపోబట్టే కదా ఇంజను వినాల్సొచ్చిందని జవాబు వచ్చింది.

మూడో మనిషి తవిటమ్మ. భీమిలి మనిషి, ఎద్దుల బిడారు వెంట ఎండుచేపల గంప పట్టుకుని మా సంతకి వస్తుంది. మొగుడితో వెళ్ళి ఒక్కర్తీ తిరిగొచ్చిందని తెలుసు కానీ, ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగాను. ఆడవాళ్ళని ముందు ఎక్కిస్తారట, చీర చుట్టూ దుప్పటి కట్టి మర్యాదగానే ఎక్కించారట. సాయంత్రాలు చెక్కభజన, హరికథ, ఒకడు కోతిని కూడా తెచ్చాడట. మొగుడు భజనలో కూర్చుని గొంతు పోయేదాకా పాడాడని మురిసిపోతూ చెప్పింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పాటలు బాగానే ఉంటాయమ్మా," అంది తవిటమ్మ. "అవి అయిపోయాక దిగాల కదా. దిగినాక ఆ గుంపులో ఆడు మరి కనపళ్ళేదు. ఏ మిల్లుకి తోలేసినారో. రెండేళ్ళు ఎతికినాను."

మజ్జిగ గ్లాసు బోర్లించి గంప ఎత్తుకుంది. ఇంతకన్నా ఎవరేం చెప్పాలి? ఆయన వైపు చూశాను. ఆయన జముకు నరానికి మైనం రాస్తున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

ఆ సాయంత్రమే దేముడమ్మ వచ్చింది. బుధు వాళ్ళ గూడెంలో గాసి అనేవాడి పెళ్ళాం. నాకన్నా రెండేళ్ళు పెద్దది, జ్వరాలొచ్చిన మొదటి ఏడు నాకు కషాయాలు కాచి బతికించింది. కొండవాళ్ళకి మీరు అన్న మాట లేదు. అందర్నీ నువ్వే అంటారు, నాకూ అదే హాయి.

"నీ మొగుణ్ణి ఆపు సావుకారమ్మా," అంది. "సావుకారు ఓడెక్కితే మేమూ ఎక్కుతామని గాసీ, ఇంకో పదిమందీ మేస్త్రీకి మాటిచ్చీసినారు."

"నా మాట ఇంటాడేటే?"

"నువ్వెప్పుడైనా ఆడి మాట ఇన్నావేటి?"

నాకు కోపం వచ్చింది. ఆయన మాట్లాడితే కదా వినడానికి అన్నాను. దేముడమ్మ నావైపు వింతగా చూసి, పోకచెక్క నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

మేస్త్రీ తెలివైనవాడే గాని, ఆయన పంచాంగంలో కొండ పండగలు లేవు. ఓడ చైత్రం నడుమ వచ్చింది. అది కొండల్లో ఇటుకల పండగ, అంటే వేట పండగ. విత్తనాలు అమ్మవారి ముందు పెట్టి మగవాళ్ళంతా విల్లంబులతో అడవికి వెళ్ళిపోతారు. మృగం దొరక్కుండా తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు కాబట్టి, వారమైనా సరే అడవిలోనే ఉంటారు. మేస్త్రీ గూడెం గూడెం తిరిగి కాళ్ళు నొప్పి పెట్టించుకుని, ముందు సావుకారుని ఎక్కించేస్తాను, మిగతావాళ్ళు తరవాతి ఓడకి వాళ్ళంతట వాళ్ళే వస్తారు అని తేల్చుకున్నాడు.

బయల్దేరే రోజు తెల్లారగట్లే లేచి అటుకులు, బెల్లం, చింతకాయ పచ్చడి మూట కట్టాను. మూట కడుతున్నంతసేపూ తిట్టాను. గొడుగు మరిచిపోతారని, చద్ది తినరని, పరాయి దేశంలో ఉప్పు ఎక్కడ కొంటారోనని. ఆయన నవ్వలేదు ఆ రోజు. జముకుని పాత పంచెలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. మధ్యాహ్నం లోపల అనంతగిరి దిగువన బండి అందుకోవాలి. రేపటికి విశాఖపట్నం చేరకపోతే ఎల్లుండి పొద్దున్న పడవ దక్కదని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. ఊరి చివర పారే గెడ్డ దాకా సాగనంపుతానని నేనూ వెంట నడిచాను. వెళ్ళొద్దన్న ఒక్క మాట నోట్లోనే ఉంది, పైకి రాలేదు.

గెడ్డ ఇవతల దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి ఉంది. దాని వెనక ఇరవై మంది ఆడవాళ్ళు, తలల్లో పూలు పెట్టుకుని నిలబడ్డారు. మగవాళ్ళు అడవిలో ఉన్నన్నాళ్ళూ దారులన్నీ ఆడవాళ్ళవే. దొరైనా సరే, డబ్బులో పాటో ఆటో ఇచ్చుకోకుండా బొంగు దాటడానికి వీల్లేదు. మధ్యలో దేముడమ్మ.

మేస్త్రీ విసుక్కుంటూ ఒక అణా పడేశాడు. బొంగు లేచింది, ఆయన దాటాడు, బొంగు దిగింది. మా ఆయన మొలలో చిల్లర వెతుక్కుంటున్నాడు. దేముడమ్మ అవతలినుంచి చెయ్యి జాపి నన్ను పట్టుకుని బొంగు కింద నుంచి లాగేసింది. లాగి వరసలో తన పక్కన నిలబెట్టుకుంది. అటునుంచి ఒక చెయ్యి, ఇటునుంచి ఒక చెయ్యి నా వీపు వెనక పెనవేసుకున్నాయి. వరసలో పడ్డాక కదలడానికి లేదు.

దేముడమ్మ ఆయన్ని సుంకం అడగలేదు. నావైపు చూసింది. అడగాల్సింది ఎవరో నాకు తెలిసింది.

"డబ్బులొద్దండి," అన్నాను. "పాడండి. అమ్మోరి కథ."

మా ఆయన చెయ్యి మొలలోనే ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు. పదకొండేళ్ళలో నేను అడగడం అదే మొదలు.

"మొత్తమా?" అన్నాడు.

"మొత్తం."

గెడ్డ ఒడ్డున రాయి మీద కూర్చుని పంచె విప్పి జముకు తీశాడు. అమ్మవారి కథ ఎత్తుకుంటే మంగళం పాడేదాకా ఆపకూడదు. ఆపితే ఊరికి అరిష్టం. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు, దేముడమ్మకీ తెలుసు. మేస్త్రీకి తెలియదు. ఒక పాటేగా అనుకుని మామిడి నీడన గొడుగు ఆనించి కూర్చున్నాడు.

సగం కథ నాకు వచ్చు. అమ్మవారు ముసలమ్మ వేషంలో కరువు ఊళ్ళు తిరగడం దాకా ఎన్నో సార్లు విన్నాను. ఆ తరవాతే ఎప్పుడూ గంజి పొంగేది. ఈసారి చేతులు బందీ అయి ఉన్నాయి. వరస ముందుకి మూడడుగులు, వెనక్కి మూడడుగులు నడుస్తుంటే నేనూ నడుస్తున్నాను, తప్పటడుగులు వేస్తూ. ముసలమ్మ ఇంటింటికీ వెళ్ళి చిటికెడు ఉప్పు అడుగుతుంది. అందరూ తలుపులేసుకుంటారు. ఆఖర్ని ఒక ఉప్పుకొట్టు వాకిట్లోకి వస్తుంది. ఆ కొట్టాయన పెళ్ళాం బయటికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది. ఉప్పులేని గంజిలాంటి బుద్ధి నీది, ఎండలో ఏ తల్లి పంపిందే నిన్ను, కాళ్ళు కాలడం లేదా, అని మొదలెడుతుంది.

ఆడవాళ్ళు ఇరవై మందీ నావైపు తిరిగి నవ్వారు.  అవి నా మాటలు. ఒకటి కాదు, రెండు కాదు, పదకొండేళ్ళుగా నేను సంతలో తిట్టిన తిట్లన్నీ వరస తప్పకుండా, రాగం కట్టి, ముచ్చటగా వస్తున్నాయి. పల్లవి అందుకునేసరికి ఆడవాళ్ళంతా కలిసి పాడారు. వాళ్ళకి అది ముందే వచ్చు.

"తిట్టేది నోరమ్మ, పెట్టేది సెయ్యమ్మ,
నోరెల్లి వాకిట్ల కాపలా కూకుంటే
సెయ్యెల్లి సేటలో సేరుప్పు పోసింది..."

ఉప్పు మోసుకుంటూ గూడెం గూడెం తిరిగినప్పుడల్లా ఇదే పాడుతున్నాడన్నమాట. కొండలన్నిటికీ నేను తెలుసు. నాకే తెలియదు. దేముడమ్మ ఆ రోజు ఎందుకలా చూసిందో అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపు వచ్చింది, తుడుచుకుందామంటే చేతులు లేవు. దేముడమ్మే తన భుజంతో నా చెంప తుడిచింది. కథలో అమ్మవారు ఆ తిట్లన్నీ విని, ఇంత దీవెన ఎక్కడా దొరకలేదని ఆ వాకిట్లోనే కూర్చుండిపోతుంది.

మేస్త్రీ రెండుసార్లు లేచి వచ్చాడు. బండి పోతుందన్నాడు, పడవ పోతుందన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకుని మీటుతూనే ఉన్నాడు. సూర్యుడు నెత్తిమీద నుంచి పక్కకి జరిగాడు. మూడోసారి మేస్త్రీ రాలేదు. చూస్తే గొడుగు నల్లగా ఘాటీ మలుపులో దిగిపోతోంది.

పొద్దు కొండకి చేరుతుండగా మంగళం పాడాడు. వరస విడిపోయింది. దేముడమ్మ వెళ్ళి బొంగు పైకెత్తి పట్టుకుంది. పాట ఇచ్చుకున్నాడు కనక దారి ఆయనది. ఎత్తిన బొంగు కింద దారి ఖాళీగా ఉంది. నడిచి వెళ్ళి తరవాతి ఓడ కోసం రేవులో కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. నేను పక్కకి తప్పుకుని నిలబడ్డాను.

ఆయన జముకుని పంచెలో చుట్టాడు. చేతిలో మూట విప్పి చూసి, అటుకులు ఇరవై మందికి చాలవే అన్నాడు. మూట దేముడమ్మకి ఇచ్చేసి ఇంటివైపు తిరిగాడు.

నేను ఆయన లేచిన రాయి మీదే కూర్చుండిపోయాను. గుండెల్లో పడిన రాయి ఆ గెడ్డలోనే ఎక్కడో దొర్లిపోయింది. అంత తేలిక నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను. దారి పొడుగునా ఆయన్ని తిట్టాను, చద్ది తినకుండా అంతసేపు పాడినందుకు. ఆయన దారి పొడుగునా నవ్వాడు. ఇంటి దగ్గరికి వచ్చాక అడిగాను, ఓడ మీద వెయ్యి మంది వినేవారు కదా అని.

"ఎయ్యి మందిలో నువ్వుండవు కదే," అన్నాడు.

వేట అయ్యాక గాసీ వాళ్ళు అడవిపంది మోసుకుంటూ దిగారు. సావుకారు ఎక్కలేదని తెలిసి ఎవరూ ఓడ ఊసెత్తలేదు. బుధు ఒక్కడే ఎర్ర కోటు తొడుక్కుని తరవాతి ఓడకి వెళ్ళాడు. వలిసె చేలు పూసి కొండవాలు పసుపుపచ్చగా మారే కార్తీకం వేళకి తిరిగి వచ్చాడు. ఈసారి కోటు లేదు, గాలికి సముద్రంలో పోయిందిట. అరుగు మీద కూర్చోగానే, అడక్కుండానే మొదలెట్టాడు. ఈసారి బుట్ట లేదు, నిచ్చెనే ఎక్కించారు. వాన, గాలి, మనుషులంతా వాంతులు. థింసా కట్టడానికి కొండవాళ్ళు దొరకలేదు. రెండో సాయంత్రం అందరూ భయపడి ఏడుస్తుంటే, తను లేచి సావుకారు పాట ఎత్తుకున్నాడట. నా తిట్లన్నీ.

మా ఆయన ఉప్పు కొలుస్తున్నవాడు కుంచం దించేశాడు. నేను అడిగాను.

"జనం ఏటన్నార్రా?"

"ముందు ఊరుకున్నారు. తిట్లు మొదలెట్టేసరికి నవ్వీసినారు. ఒక ముసిలోడు మా ఇంటిదీ ఇంతే అని ఏడిసినాడు. దిగేదాకా అదే పాడించుకున్నారు. ఇప్పుడు రంగూను మిల్లుల్లో కూడా పాడతన్నారు."

మా ఆయన నావైపు చూడలేదు. ఆయన చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి. ఆయన ఎక్కకుండానే ఆయన పాట ఓడ ఎక్కింది, దాంతోపాటు నేనూ ఎక్కాను. మధ్యలో లేవడానికి చోటులేని వెయ్యి మంది ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

"పరాయి దేశంలో నా పరువు తీసొచ్చావురా, ఉప్పులేని గంజి మొహమా," అన్నాను బుధుతో. చేట తెమ్మని, రెండు చేతులతో ఉప్పు పోశాను.